సముద్రం లేని ఊళ్లో ముత్యాలు: వ్యాపారం నిజంగా పేదరికాన్ని తగ్గిస్తుందా?

పత్తర్‌గట్టీ_ముత్యం
8 నవంబర్ 2025, రాత్రి 9:40

నేను పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణంలో పనిచేస్తాను. దీపావళికి చుట్టాలంతా కలిసినప్పుడు మా బావ ఒక మాట అన్నాడు. బయటి దేశాల సరుకు మొత్తం ఆపేస్తే తప్ప మన దేశంలో పేదరికం పోదట. అందరూ తలూపారు. నాకు ఆ మాట అస్సలు మింగుడు పడలేదు. అక్కడ పిల్లల గోలలో చెప్పడం కుదరలేదు, ఇక్కడ చెప్తున్నా.

మన హైదరాబాద్‌కు సముద్రం లేదు. ముత్యపు చిప్ప ఒక్కటి కూడా ఇక్కడ దొరకదు. అయినా దేశంలో ఎవరు ముత్యాలు కొనాలన్నా చార్మినార్ గుర్తొస్తుంది. ఒకప్పుడు సరుకు పర్షియన్ గల్ఫ్ నుంచి వచ్చేది, బస్రా ముత్యాలని ఇప్పటికీ పెద్దవాళ్లు అంటుంటారు. జపాన్‌వాళ్లు ముత్యాలు పెంచడం నేర్చుకున్నాక 1930ల నాటికి గల్ఫ్‌లో ముత్యాల వేట కుప్పకూలింది. ఇప్పుడు మా దగ్గరికి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం చైనాలో మంచినీటి చెరువుల్లో పెంచినవే. సరుకు పుట్టే చోటు మారుతూ వచ్చింది, ఈ గల్లీ పని మాత్రం ఆగలేదు.

ఆ పని ఏంటో కొంచెం చెప్తాను. ముందు జల్లెడలతో సైజులవారీగా వేరు చేస్తాం. తర్వాత రంగు, మెరుపు చూసి ఏరాలి. ఇది ట్యూబ్‌లైటు కింద కుదరదు, పొద్దున పూట కిటికీ దగ్గర తెల్లగుడ్డ పరిచి చూడాల్సిందే. తొలిచేవాళ్లు వేరే ఉంటారు. ముత్యాన్ని ఒకే వైపు నుంచి తొలిస్తే అవతలి వైపు పెచ్చు లేస్తుంది. అందుకే ఇటు సగం, అటు సగం తొలిచి మధ్యలో కలుపుతారు. రెండు రంధ్రాలూ ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. దారానికి ఎక్కించే పని చాలామటుకు ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. ఒక దండ వెనకాల ఇన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

చైనాలో చెరువు ఉన్న రైతుకు మేమెవరమో తెలీదు. మా సేఠ్‌కు ఆ రైతు ఎవరో తెలీదు. ఎవరి లాభం కోసం వాళ్లు పనిచేసుకుంటున్నారు. ఆ దిగుమతి ఆపేస్తే ముందు పస్తులుండేది ఎవరు? బావ లాంటి వాళ్లకు ఏం జవాబు చెప్పాలి?


తార్నాక_లెక్చరర్
8 నవంబర్, రాత్రి 10:25

మంచి ప్రశ్న వేశారు. మీ గల్లీ గురించి మీరు చెప్పిందే ఎకనామిక్స్ మొదటి పాఠం. ఆడమ్ స్మిత్ 1776లో గుండుసూదుల కార్ఖానా గురించి రాశాడు. ఒక్కడే మొదటి నుంచి చివరి దాకా చేస్తే రోజుకు 20 సూదులు కూడా కష్టం. పది మంది పని పంచుకుని, ఒకడు తీగ లాగి, ఒకడు కోసి, ఇంకొకడు మొన తీర్చి చేస్తే రోజుకు 48,000 సూదులు వచ్చాయి. మీ దగ్గర ఏరేవాళ్లు, తొలిచేవాళ్లు, గుచ్చేవాళ్లు వేరువేరుగా ఉండటం కూడా అదే. కాకపోతే మీ కార్ఖానాకు గోడలు లేవు, చైనా దాకా సాగింది.

మీరు చెప్పిన స్వార్థం సంగతి కూడా ఆయన చెప్పాడు. రొట్టెలమ్మేవాడు మన మీద ప్రేమతో రొట్టె చేయడు, తన సంపాదన కోసం చేస్తాడు, అయినా మన కడుపు నిండుతుంది. ఇష్టపడి చేసుకునే బేరంలో ఇద్దరికీ ఎంతో కొంత మిగిలితేనే బేరం కుదురుతుంది, లేకపోతే ఎవరో ఒకరు లేచి వెళ్లిపోతారు. వెళ్లిపోయే వీలు ఉండటమే ఇక్కడ ముఖ్యం.

మన దేశం లెక్క కూడా చూద్దాం. 1991 నాటికి మన దగ్గర విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే ఉంది. 47 టన్నుల దాకా బంగారం బయటి బ్యాంకుల్లో కుదువ పెట్టాం. దిగుమతి సుంకం కొన్ని సరుకుల మీద 300 శాతం పైనే ఉండేది. మన వంగర నుంచి వెళ్లిన పి.వి. నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా 1991 జులైలో గరిష్ఠ సుంకాన్ని 150 శాతానికి దించారు. 2007 కల్లా వ్యవసాయేతర సరుకుల్లో చాలావాటికి అది 10 శాతానికి వచ్చింది. పేదరికం కొలవడానికి టెండూల్కర్ కమిటీ చెప్పిన పద్ధతిలో లెక్కిస్తే 1993-94లో 45.3 శాతం మంది పేదలు ఉండేవాళ్లు, 2011-12 నాటికి 21.9 శాతం. ఇదంతా సుంకాలు తగ్గించినందుకే జరిగిందని నేను అనను. రోడ్లు, నిర్మాణ పనులు, ఉపాధి హామీ, కూలీ రేట్లు పెరగడం అన్నీ ఉన్నాయి. కానీ తలుపులు మూసుకుని గడిపిన దశాబ్దాల్లో ఇంత వేగం మనం చూడలేదు.


ఎర్రగడ్డ_పాతకాపు
9 నవంబర్, ఉదయం 6:50

లెక్చరర్ గారూ, మీ లెక్క కాదనను. అందులో మా ఇల్లు ఎక్కడుందో కూడా చెప్తాను, వినండి.

మా నాన్న బాలానగర్ వైపు ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో టర్నర్. లేత్ మిషను మీద ఆయన చేయి పడితే ముక్క మళ్లీ కొలవక్కర్లేదని తోటివాళ్లు అనేవాళ్లు. సుంకాలు తగ్గాక బయటి మిషన్లు తక్కువ ధరకు వచ్చాయి, ఆర్డర్లు పడిపోయాయి. జీతాలు ఆలస్యం కావడం మొదలైంది, ఆ తర్వాత వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) అన్నారు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు. ఆ వయసులో కొత్త పని ఎవరిస్తారు? కొన్నాళ్లు ఒక అపార్ట్‌మెంట్ దగ్గర వాచ్‌మన్‌గా చేశారు. ఆ చేతులతో గేటు తీశారు.

చౌక మిషన్ల వల్ల దేశంలో కోటి మందికి తలా పది రూపాయలు మిగిలి ఉండొచ్చు. ఆ పది రూపాయలు ఎవరికీ గుర్తు లేదు. మా ఇంట్లో పోయింది మాత్రం పూర్తిగా పోయింది. లాభం అందరికీ పలచగా పరుచుకుంటుంది, నష్టం కొన్ని గల్లీల మీదే పడుతుంది. ఈ సంగతి చెప్పకుండా స్వేచ్ఛా వ్యాపారం గొప్పదని చెప్తే నాకు అది సగం పాఠమే.


బేగంబజార్_కిరాణా
9 నవంబర్, మధ్యాహ్నం 2:15

పాతకాపు అన్నా, మీ నాన్నగారి మాట చదివాక కాసేపు కౌంటర్ దగ్గరే కూర్చుండిపోయాను.

నేను వ్యాపారిని కాబట్టి లోపలి సంగతి చెప్తాను. మా తాత కాలం నుంచి కిరాణా హోల్‌సేల్ మాది. ప్రతిదానికీ ప్రభుత్వ అనుమతి కావాల్సిన లైసెన్స్ రాజ్యంలో వ్యాపారులు నష్టపోయారని చాలామంది అనుకుంటారు. పర్మిట్ లేనివాడు నష్టపోయాడు. పర్మిట్ చేతిలో ఉన్నవాడికి అది బంగారు గని. సిమెంట్‌కు పర్మిట్, చక్కెరకు కోటా, కిరోసిన్‌కు కోటా. స్కూటర్ బుక్ చేస్తే చేతికి రావడానికి ఏళ్లు పట్టేది, ఫోన్ కనెక్షన్ కూడా అంతే. సరుకు కరువుగా ఉంటే అమ్మేవాడికి మర్యాద చెప్పాల్సిన పని కూడా ఉండదు. కొనేవాడే దండం పెడతాడు.

వ్యాపారి స్వార్థం ఎటు లాగుతుందో తెలుసా? పోటీ వద్దనే వైపు. ఇది దాచాల్సిన పనిలేదు. నా పక్కన ఇంకో దుకాణం రాకపోతే నాకు బాగుంటుంది. బయటి నుంచి సరుకు రాకపోతే ఇంకా బాగుంటుంది. స్వదేశీ పేరు మీద సుంకం పెంచమని అడిగే వాళ్లలో దేశం మీద ప్రేమ ఎంతో, పోటీ మీద భయం ఎంతో చూసుకోవాలి. నా స్వార్థం నలుగురికి పనికొచ్చేది ఎప్పుడంటే, నేను రేటు పెంచిన మరుక్షణం ఇంకొకడు రంగంలోకి దిగే వీలున్నప్పుడు. ఆ మూడో మనిషిని ఆపనంత వరకే వ్యాపారం పేదవాడి వైపు ఉంటుంది.

కందిపప్పు సంగతే తీసుకోండి. 2015లో కిలో 200 రూపాయల దాకా పోయింది. బియ్యం రేషన్‌లో వచ్చినా పప్పు కొనలేక చారు, పచ్చడితో సరిపెట్టుకున్న ఇళ్లు మా గిరాకీలోనే ఉన్నాయి. పావు కిలో పొట్లం అడిగేవాళ్లు వంద గ్రాములు అడిగారు. మయన్మార్, మొజాంబిక్, టాంజానియా నుంచి సరుకు దిగితేనే రేటు దిగింది. ఆఫ్రికాలో కంది పండించిన రైతుకు నాలుగు డబ్బులు వచ్చాయి, ధూల్‌పేటలో కూలివాళ్ల ఇంట్లో మళ్లీ పప్పు ఉడికింది. మధ్యలో నాలాంటి వాళ్లం కమీషన్ తిన్నాం, అందులో తప్పేం లేదు.


అమీర్‌పేట_హాస్టల్
9 నవంబర్, మధ్యాహ్నం 3:02

కిరాణా గారూ, ఆ మరుసటి ఏడాది తాండూరులో ఏమైందో కూడా చెప్పండి. రేటు చూసి రైతులంతా కంది వేశారు, పంట బాగా వచ్చింది, దిగుమతి కూడా దిగింది. మద్దతు ధర క్వింటాలుకు 5,050 ఉంటే దానికంటే తక్కువకు అమ్ముకున్నారు. మాది ఆ పక్క ఊరే.


బేగంబజార్_కిరాణా
9 నవంబర్, మధ్యాహ్నం 3:30

నిజమే తమ్ముడూ. అక్కడ ఇంకో సంగతి ఉంది. అప్పుడు మన పప్పు బయటికి అమ్ముకోవడానికి అనుమతి లేదు. పప్పుల ఎగుమతి మీద నిషేధం 2006 నుంచి ఉంది, 2017లో గానీ ఎత్తలేదు. ధర పడినప్పుడు రైతుకు బయటి దారి మూసి ఉంది, ధర పెరిగినప్పుడు దిగుమతికి దారి తెరిచి ఉంది.


పత్తిచేను
9 నవంబర్, రాత్రి 8:45

కిరాణా అన్న చివర్లో చెప్పిందే మా గోస. మాది ఆసిఫాబాద్ దగ్గర. నేను నగరంలో పీజీ చేస్తున్నా, నాన్న ఏడెకరాల్లో పత్తి వేశాడు.

ఈ ఆగస్టులో పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. ముందు సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అప్పటికి మా చేలు పూత, కాయ మీద ఉన్నాయి. విత్తనం, ఎరువు, కలుపు ఖర్చు అన్నీ పెట్టేశాం. ఇక వెనక్కి పోయి సోయా వేసుకుంటామా? పొడుగు పింజ (పొడవు పోగు) పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110. బయట వ్యాపారి అంత ఇవ్వడు. కొనుగోలు కేంద్రానికి పోతే తేమ 12 శాతం దాటితే తీసుకోరు. అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానలకు పత్తి చెట్టు మీదే తడిసింది. పొద్దున ఏరిన పత్తిని పట్టాల మీద ఎండబోసి, మధ్యాహ్నం తిరగేసి, పిడికిలితో నొక్కి చూసి, సాయంత్రం మంచు పడకముందే ఇంట్లోకి ఎత్తుకోవాలి. పిడికిలి విప్పితే దూది మళ్లీ పొంగాలి, ముద్దగా ఉండిపోతే తేమ ఉన్నట్టే. ఈ టెన్షన్ రోజూ ఉంటుంది.

ఇక బియ్యం. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. ఎత్తింది 2024 సెప్టెంబర్ చివర్లో. ఉల్లి ఎగుమతి 2023 డిసెంబర్‌లో ఆపి, 2024 మేలో వదిలారు. అంటే మా పంటకు రేటు వచ్చే రోజున బయటికి దారి ఉండదు, రేటు వస్తుందేమో అనుకున్న రోజున బయటి సరుకు లోపలికి వస్తుంది. దీన్ని స్వేచ్ఛా వ్యాపారం అని ఎలా అంటాం? మాకు స్వేచ్ఛ ఇచ్చి చూడండి, అప్పుడు దాని మంచీచెడూ మాట్లాడుదాం.

ఇంకొకటి, అమెరికా తన పత్తి రైతుకు ఇచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకు పోయి గెలిచింది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. అంత సబ్సిడీ తిన్న పత్తితో ఏడెకరాల మా నాన్న పోటీ పడాలంటే అది సమానమైన పోటీ ఎట్లవుతుంది?


డాలస్_మల్కాజిగిరి
9 నవంబర్, రాత్రి 10:10

బియ్యం మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 2023 జులైలో ఇక్కడ ఇండియన్ స్టోర్ల ముందు సోనా మసూరి బస్తాల కోసం మనవాళ్లు క్యూ కట్టిన వీడియోలు మీరంతా చూసే ఉంటారు. నేనూ ఆ లైన్‌లో ఉన్నాను. మాకు ఇబ్బంది కొద్ది రోజులే. ఎక్కువ డబ్బు ఇచ్చి కొనడానికి మేం సిద్ధంగా ఉన్నాం. ఆ డబ్బు మిర్యాలగూడ మిల్లుకూ, అక్కణ్ణుంచి రైతుకూ చేరే దారిని మధ్యలో కోసేశారు. మాకంటే ఎక్కువ దెబ్బ తిన్నది మన బియ్యం మీద ఆధారపడిన ఆఫ్రికా దేశాల పేదలు. వాళ్ల వీడియోలు మన వాట్సాప్‌కు రాలేదు.


తార్నాక_లెక్చరర్
9 నవంబర్, రాత్రి 11:05

పత్తిచేను గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. ఒక పక్క మాత్రం చెప్పాలి. సుంకం ఎత్తేయమని అడిగింది స్పిన్నింగ్ మిల్లులు, గార్మెంట్ కంపెనీలు. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. తిరుప్పూర్‌లో కుట్టు మిషను ముందు కూర్చునే అమ్మాయి కూడా పేదదే. పత్తి ఖరీదైతే ఆమె ఆర్డరు బంగ్లాదేశ్‌కో వియత్నాంకో పోతుంది. పంట మీద సుంకం వేస్తే ఆ పంటతో పనిచేసే ఇంకో పేదవాడి మీద పన్ను వేసినట్టే. భీమవరం రొయ్యల రైతును అడగండి, అవతలి దేశం తలుపు మూస్తే ఎలా ఉంటుందో ఈ ఏడాది బాగా తెలిసొచ్చింది.

మీతో పూర్తిగా ఒప్పుకునేది ఒక్కటి: నడి సీజన్‌లో నియమం మార్చడం. అది మాత్రం ఏ సిద్ధాంతం ప్రకారం చూసినా అన్యాయమే. విత్తే ముందు ఒక ధర ఆశ చూపి, కాయ పగిలే ముందు దాన్ని లాగేసుకుంటే రైతు ఇంకేం లెక్క వేసుకుని పంట ఎంచుకుంటాడు?


నక్కవాగు
10 నవంబర్, ఉదయం 7:20

అందరూ కొనేవాడు, అమ్మేవాడు అంటున్నారు. ఆ బేరంలో లేని మూడో వాడి సంగతేంటి?

మాది పటాన్‌చెరు. మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, మందులు దేశదేశాలకు పోయాయి. ఆ మందు అమ్మినవాడికి లాభం, కొన్నవాడికి ఆరోగ్యం. వ్యర్థాలు మాత్రం నక్కవాగులోకి వచ్చాయి. చిన్నప్పుడు వాగు పక్క బోరు నీళ్లు పైకి తీస్తే పసుపు రంగులో వచ్చేవి, పశువులు వాసన చూసి వెనక్కి తిరిగేవి. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. శుద్ధి చేశాక వదిలిన నీళ్లవి! యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులు అలాంటి చోటే తయారవుతాయి.

మాకు ఆ బేరం నుంచి లేచి వెళ్లిపోయే వీలు లేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు కూడా. మందు ధరలో మా బావి ఖరీదు కలవనప్పుడు ఆ చౌక మా ఖర్చు మీద వచ్చింది. ఫ్యాక్టరీలు మూసెయ్యమని నేను అడగట్లేదు, మా అన్న అక్కడే పనిచేస్తాడు. నీళ్లు పాడు చేసినవాడు దాని ఖర్చు కట్టాలి. అది లేకుండా లాభం లాభం కాదు.


జీడిమెట్ల_షిఫ్ట్
10 నవంబర్, మధ్యాహ్నం 1:40

నేను బల్క్ డ్రగ్ (టాబ్లెట్లలో వాడే అసలు మందు పదార్థం) కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. నక్కవాగు గారు అన్నదాంతో నాకు పేచీ లేదు. ఫ్యాక్టరీ స్వార్థానికి కళ్లెం వేయడం ప్రభుత్వం పని, ఆ పని సరిగా జరగలేదు.

అయితే ఈ పరిశ్రమ చరిత్ర వ్యాపారం గురించి చాలా చెప్తుంది. బాలానగర్‌లో ప్లాంటు ఉన్న ఐడీపీఎల్ 1961లో పెట్టిన ప్రభుత్వ మందుల సంస్థ. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులే బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో మొదలైన డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. 1970 పేటెంట్ చట్టం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఇచ్చింది. అదే మందును వేరే పద్ధతిలో తయారు చేసుకునే దారి తెరుచుకుంది. 2005 దాకా అది నడిచింది.

అందుకే ఇది పూర్తిగా స్వేచ్ఛా వ్యాపారం కథ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, పూర్తిగా ప్రభుత్వం కథ అన్నా ఒప్పుకోను. ప్రభుత్వం చదువు చెప్పింది, ల్యాబ్ ఇచ్చింది. దాన్ని లోకానికి పనికొచ్చేట్టు చేసింది మాత్రం పోటీ, ఎగుమతి. హెచ్ఐవీ మందులు చూడండి. 2000 ప్రాంతంలో ఒక రోగికి ఏడాదికి 10,000 డాలర్ల పైనే అయ్యేది. ఆఫ్రికాలో ఎవరు కొనగలరు? 2001లో ముంబై కంపెనీ సిప్లా 350 డాలర్లకు ఇస్తానంది. ఆ తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు అరబిందో, హెటెరో కూడా రంగంలోకి దిగాయి, ధర ఇంకా పడిపోయింది. లాభం కోసమే దిగాయి. ఆ లాభాపేక్షే బతికించిన మనుషుల సంఖ్య లక్షల్లో ఉంటుంది. నేను రాత్రి షిఫ్ట్‌లో మందు బ్యాచ్ పాస్ చేసేటప్పుడు ఆ సంగతి మర్చిపోను.

మాకు కావలసిన ముడిసరుకుల్లో పెద్ద వాటా చైనా నుంచే వస్తుంది. 2020లో కొన్నాళ్లు ఆ సరఫరా సన్నగిల్లితే మా ప్లాంటులో అందరికీ చెమటలు పట్టాయి. ఒకే దేశం మీద ఆధారపడటం ప్రమాదమే. దానికి మందు ఇంకో నాలుగు చోట్ల నుంచి కొనడం. అన్నీ ఇక్కడే చేసుకుంటామంటే ధర పెరుగుతుంది, ఆ ధర కట్టేది గాంధీ ఆస్పత్రి ముందు చీటీ పట్టుకుని నిలబడ్డ రోగి.


జగిత్యాల_దుబాయ్
10 నవంబర్, రాత్రి 9:15

సరుకు గురించే మాట్లాడుతున్నారు, మనిషి దాటడం గురించి ఎవరూ అనలేదు. మా ఊళ్లో పెంకుటిళ్లు డాబాలైంది గల్ఫ్ పైసలతోనే. అదే తాపీ పని, అదే మనిషి. సముద్రం దాటితే కూలి ఎన్నో రెట్లు. ఊళ్లో చెల్లెలి పెళ్లి, తమ్ముడి ఇంజనీరింగ్ సీటు, అమ్మ మోకాలి ఆపరేషన్ అన్నీ ఆ పైసలే. ఏ పథకమూ మా గల్లీకి ఇంత తేలేదు.

నాశనం చేసేది మధ్యలో దళారీ. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర, రెండు లక్షలు ఇచ్చిపోయినవాళ్లు మా క్యాంపులోనే ఉన్నరు. అక్కడికి పోయాక యజమాని మార్చుకోవాలంటే అతని దయ. లెక్చరర్ సార్ అన్నట్టు, లేచి వెళ్లిపోయే వీలు లేనోడికి బేరం ఎక్కడిది?


నిర్వాహకులు
10 నవంబర్, రాత్రి 9:50

పార్టీల పేర్లతో వచ్చిన మూడు పోస్టులు తీసేశాం. చర్చ చక్కగా సాగుతోంది, దయచేసి విషయం మీదే ఉండండి.


ఎర్రగడ్డ_పాతకాపు
11 నవంబర్, ఉదయం 6:35

అన్నీ చదివాను. రెండు మాటలున్నాయి.

మొదటిది. ఇంగ్లండ్ అందరికీ స్వేచ్ఛా వ్యాపారం బోధించింది కదా. తాను ఎదిగేటప్పుడు ఏం చేసింది? 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి మన అద్దకం బట్టలు అక్కడ అమ్మకుండా, కట్టకుండా చట్టాలు చేసింది. మచిలీపట్నం రేవు నుంచి పోయే కలంకారీ మీద కూడా ఆ దెబ్బ పడింది. దక్షిణ కొరియా కూడా తన పరిశ్రమలను సుంకాలతో కాపాడుకునే పెరిగింది. మరి మనకెందుకు వద్దు?

రెండోది, కిరాణా గారు చెప్పిన మూడో మనిషి మాట నాకు నచ్చింది. నేను దాన్ని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ మూడో మనిషి వచ్చినప్పుడు ముందున్న మనిషి ఎక్కడికి పోవాలో ఎవరైనా చెప్పాలి.


తార్నాక_లెక్చరర్
11 నవంబర్, సాయంత్రం 5:20

కొరియా సంగతి మీరు చెప్పింది నిజం. మనమూ సుంకాలు వేశాం, వాళ్లూ వేశారు. కొరియాలో ప్రభుత్వం కంపెనీకి రక్షణ ఇచ్చి, బదులుగా ఎగుమతి చేసి చూపించమంది. ఎగుమతి లక్ష్యాలు పెట్టి, చేసి చూపించినవాళ్లకే చౌక అప్పులు ఇచ్చింది. అంటే ఇంట్లో రక్షణ ఉన్నా బయటి బజారులో పోటీ తప్పలేదు. మన దగ్గర రక్షణ ఇచ్చి అడగడం మానేశాం. ఇంగ్లండ్ చట్టాల గురించి అయితే, అవి నేతగాళ్ల పొట్ట కొట్టాయి, అక్కడి కొనుగోలుదారుల జేబూ కొట్టాయి. లాభపడింది తలుపు మూయించుకున్న ఉన్ని వ్యాపారులు. కిరాణా గారి పోస్టు మళ్లీ చదవండి, అదే మనిషి అక్కడ కూడా ఉన్నాడు.

మీ రెండో ప్రశ్న ఇంకా బరువైనది. 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి అని ఒకటి పెట్టారు. సంస్కరణల వల్ల పని పోయినవాళ్లకు మళ్లీ శిక్షణ ఇచ్చి, కొత్త పని చూపించడం దాని ఉద్దేశాల్లో ఒకటి. ఆచరణలో ఎక్కువ డబ్బు వీఆర్ఎస్‌కే పోయింది. ఉద్యోగుల్ని ఇంటికి పంపడానికి అయిన ఖర్చుతో పోలిస్తే కొత్త పని నేర్పడానికి పెట్టింది చాలా తక్కువ. 46 ఏళ్ల టర్నర్ ఆరు నెలల్లో కంప్యూటర్‌తో నడిచే సీఎన్సీ మిషను నేర్చుకోగలడు. జీడిమెట్ల, చర్లపల్లిలో అలాంటి చేతుల కోసం వెతికే చిన్న వర్క్‌షాపులు బోలెడు. మీ నాన్నగారికి అది చూపించాల్సిన బాధ్యత దేశానిది. దేశానికి వచ్చిన లాభంలోంచి ఆ ఖర్చు పెట్టాలి, అది దయాధర్మం కింద లెక్క కాదు.


ఎర్రగడ్డ_పాతకాపు
11 నవంబర్, రాత్రి 8:10

ఆ నిధి పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు. శిక్షణ అనే మాట ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరూ ఎత్తలేదు, చెక్కు మాత్రం ఇచ్చారు. ఈ రాత్రి నాన్నకు చదివి వినిపిస్తాను. తలుపు తెరిచే ఉత్తర్వులోనే ఈ రెండో భాగం కూడా, డబ్బుతో సహా, రాసి ఉండాలి. నేను అడిగేది అంతే.


పత్తిచేను
11 నవంబర్, రాత్రి 10:30

డిసెంబర్ 31న పత్తి మీద సుంకం ఎత్తేసిన గడువు అయిపోతుంది. మా ఊరి రైతులం కలిసి ఒక వినతిపత్రం రాస్తున్నాం. ముందు శాశ్వతంగా సుంకం వేయమనే రాద్దామనుకున్నాం. ఇక్కడ చర్చ చూశాక మా ఊరివాళ్లతో ఫోన్‌లో మాట్లాడి ముసాయిదాలో మూడు విషయాలు పెట్టాం. దిగుమతి సుంకం ఎంతైనా సరే, మే నెలలో విత్తనం కొనకముందే ప్రకటించి పంట అమ్ముకునే దాకా మార్చకూడదు. బియ్యం, ఉల్లి, పప్పు ఏదైనా ఎగుమతిని రాత్రికి రాత్రి ఆపకూడదు. సుంకం ఎత్తేసి మిల్లులకు మేలు చేసిన ఏడాది కొనుగోలు కేంద్రాలు దసరాకు ముందే తెరవాలి.

లెక్చరర్ సార్, ఒకసారి చూసి దిద్ది పెడతారా? తిరుప్పూర్ అమ్మాయి గురించి మీరు రాసిన పాయింటుకు మా జవాబు అందులో సరిగా రాలేదు.


తార్నాక_లెక్చరర్
11 నవంబర్, రాత్రి 10:52

పంపండి. ఆదివారం పొద్దున దాకా టైమివ్వండి. జీడిమెట్ల_షిఫ్ట్ గారూ, నక్కవాగు గారూ, మీరు కూడా చూడండి. తేమ కొలిచే మిషన్లు ప్రతి కేంద్రంలో రైతు కళ్లముందే పెట్టాలనే పాయింటు కూడా చేర్చుదాం.